తొమ్మిదేళ్ల బాబుకీ పదమూడేళ్ల పాపకీ ఒకే దెయ్యం సినిమానా?

ప్రశ్న: మేడమ్, మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పాపకు పదమూడు, బాబుకు తొమ్మిది. ఈసారి హాలోవీన్ రాత్రి క్యాండీల కోసం ఇల్లిల్లూ తిరిగొచ్చాక మా ఇంట్లోనే సినిమా చూడాలని పిల్లలు ప్లాన్ వేసుకున్నారు. పాప స్నేహితురాళ్లు ముగ్గురు, బాబు స్నేహితులు ఇద్దరు వస్తారు. పాపేమో 'నిజంగా భయపెట్టేది' కావాలంటుంది. బొమ్మల సినిమా పెడితే పరువు పోతుందట. బాబు పోయినేడాది ఎవరింట్లోనో జోకర్ ఉన్న సినిమా కాసేపు చూసి, నెల రోజులు లైటు వేసుకునే పడుకున్నాడు. బాత్రూమ్‌కి కూడా తోడు వెళ్లాల్సి వచ్చేది. ఇది చాలదన్నట్టు తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు 'దీపావళి రోజుల్లో ఇంట్లో దెయ్యాల సినిమాలేంటమ్మా' అంటున్నారు. వీళ్లందరి మధ్య నాకే టెన్షన్‌గా ఉంది. ఏం పెట్టమంటారు? పీజీ అని ఉంటే చాలా?
— ఒక తల్లి

జవాబు: పీజీ అని ఉంటే చాలదమ్మా. మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది పప్పులో కాలేసేది అక్కడే.

అమెరికాలో సినిమాలకు జీ (అందరూ చూడొచ్చు), పీజీ (తల్లిదండ్రులు ఓ కన్నేసి ఉంచాలి), పీజీ-13 (పదమూడేళ్ల లోపువాళ్లకు తగకపోవచ్చు), ఆర్ (పదిహేడేళ్ల లోపువాళ్లు పెద్దవాళ్ల తోడుతోనే చూడాలి) అని రేటింగులు ఇస్తారని మీకు తెలుసు. అందులో పీజీ-13 అనేది 1984 జులై దాకా లేనే లేదు. ఆ ఏడాది వేసవిలో 'గ్రెమ్లిన్స్' పీజీ రేటింగుతో వచ్చింది. పెద్ద చెవులతో, బొచ్చుతో ముద్దొచ్చే జీవి ఒకటి ఉంది కదా అని జనం చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు. తీరా చూస్తే వంటింట్లో ఒకావిడ తన మీద పడ్డ గ్రెమ్లిన్ అనే చిట్టి రాక్షసిని మైక్రోవేవ్‌లో వేసి పేల్చేసే సీను. అదే వేసవిలో వచ్చిన ఇండియానా జోన్స్ రెండో సినిమాలో బతికున్న మనిషి గుండెను చేత్తో బయటికి లాగేస్తారు. అదీ పీజీయే. తల్లిదండ్రులు గోల పెట్టారు. రెండింటితోనూ సంబంధం ఉన్న దర్శకుడు స్పీల్‌బర్గే పీజీకీ ఆర్‌కీ మధ్య ఇంకో మెట్టు ఉండాలని సూచించాడు. అలా పుట్టింది పీజీ-13.

అంటే 1984కి ముందు పీజీ అంటే ఏదైనా కావచ్చు. తర్వాత కూడా కొన్నాళ్లు అంతంత మాత్రమే. 1988లో వచ్చిన 'బీటిల్‌జ్యూస్' పీజీయే, కానీ మీ అత్తయ్యగారికి అర్థం కాకపోయినా మీ పిల్లలకు బాగా అర్థమయ్యే బూతుమాట ఒకటి అందులో గట్టిగానే వినిపిస్తుంది. కాబట్టి రేటింగుతో పాటు సినిమా వచ్చిన ఏడాది కూడా చూడండి. పాత సినిమా అయితే కామన్ సెన్స్ మీడియా అనే వెబ్‌సైటులోనో, సినిమాల వివరాలుండే ఐఎండీబీ సైటులో తల్లిదండ్రుల కోసం పెట్టిన పేజీలోనో రెండు నిమిషాలు చదవండి. ఏ సీనులో ఏముందో అక్కడ విడమరిచి రాస్తారు. అన్నట్టు 'గ్రెమ్లిన్స్'లో శాంటా సంగతి కూడా బయటపెట్టేస్తారు. మీవాడి స్నేహితుల్లో ఇంకా శాంటాని నమ్మేవాళ్లుంటే మర్నాడు ఫోన్లు మీకే వస్తాయి.

ఇంకో చిక్కు. రిమోట్ పిల్లల చేతికిచ్చి 'హాలోవీన్' అని వెతకమంటే, అదే పేరుతో 1978లో వచ్చిన సినిమా ముందుకొస్తుంది. అది ఆర్. ముసుగువాడు కత్తి పట్టుకుని తిరిగే కథ. పేరు పండగదే గానీ పండగ సినిమా కాదు. మీవాడు చూసిన జోకర్ సినిమా ఏదో నాకు తెలియదు. ఒకవేళ అది 2017లో వచ్చిన 'ఇట్' అయితే అదీ ఆర్‌యే. కథలో హీరోలు పిల్లలే కాబట్టి పిల్లల సినిమా అనుకుని పెట్టేసేవాళ్లు ఉన్నారు. ఆ ఇంటివాళ్ల మీద ఇప్పుడు కోపం పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. పిల్లల్ని ఏది భయపెడుతుందో పెద్దవాళ్లం సరిగ్గా ఊహించలేం. కోరలు, గోళ్లు, పదడుగుల ఎత్తు చూసి మనం జంకుతాం. పిల్లలకు అవి తమాషా. వాళ్లకు భయం ఎక్కడంటే, ఇంట్లో రోజూ ఉండేదే కొంచెం తేడాగా మారిపోయినప్పుడు. నవ్వాల్సిన జోకర్ నవ్వుతూనే మీదకొస్తాడు. ఆడుకునే బొమ్మ తల తిప్పి చూస్తుంది. అమ్మ అమ్మలాగే ఉంటుంది, కానీ అమ్మ కాదు.

ఇది నాకు మా చిన్నవాడు నేర్పిన పాఠం. వాడికి ఎనిమిదేళ్లప్పుడు 'ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్' అంటే ప్రాణం. అస్థిపంజరం పాటలు పాడుతుంటే వీడు సోఫా మీద గంతులేసేవాడు. అది తీసిన హెన్రీ సెలిక్‌దే (అందరూ టిమ్ బర్టన్ తీశాడనుకుంటారు, కథా నిర్మాణమూ ఆయనవి, దర్శకత్వం మాత్రం సెలిక్‌ది) 2009లో 'కోరలైన్' అని ఇంకోటి ఉందని తెలిసి, అదీ పీజీయే, అదీ బొమ్మల సినిమాయే అని ధైర్యంగా పెట్టాను. ఒక అమ్మాయి గోడలోని చిన్న తలుపు తెరుచుకుని వెళితే అవతల అచ్చం తన ఇల్లే, అచ్చం తన అమ్మే. ఈ అమ్మ ఇంకా రుచిగా వండుతుంది, విసుక్కోదు. కాకపోతే కళ్లుండాల్సిన చోట రెండు నల్ల బొత్తాలు. 'నువ్వూ కుట్టించుకుంటే ఇక్కడే ఉండిపోవచ్చు' అని సూదీ దారం ముందు పెడుతుంది.

మావాడు అరవలేదు, ఏడవలేదు. బుద్ధిగా చివరిదాకా చూశాడు. మర్నాడు పొద్దున చొక్కాకి బొత్తాం కుడదామని చూస్తే నా బొత్తాల డబ్బా కనిపించలేదు. రెండు రోజులకు గరాజ్‌లో, పాత టైర్ల వెనకాల దొరికింది, చుట్టూ అరరోలు ప్యాకింగ్ టేపు వేసి ఉంది. రాత్రి పడుకునేముందు నా మొహంలోకి వంగి చూసేవాడు. మా అబ్బాయికి నా మీద అంత ప్రేమేంటా అనుకునేదాన్ని. కళ్లు చెక్ చేస్తున్నాడని తర్వాత తెలిసింది.

అందుకని మీవాడి విషయంలో నేను పెట్టుకునే గీత ఒక్కటే. రాక్షసుడు ఎంత పెద్దవాడైనా ఫర్వాలేదు, ఇంటి మనిషిలాగో ఆటబొమ్మలాగో ఉండకూడదు. ఈ లెక్కన, మీ ఏడుగురు పిల్లల వయసుకీ సరిగ్గా సరిపోయేలా కనిపించే 'గూస్‌బంప్స్' ఈ ఏడాదికి వద్దంటాను. 2015 సినిమా, పీజీ, నవ్విస్తుంది కూడా. పుస్తకాల్లోంచి రాక్షసులు బయటపడి ఊరి మీద పడతారు. కానీ వాళ్లందరికీ నాయకుడు పెద్ద నోరేసుకుని నవ్వే మాట్లాడే బొమ్మ. జోకర్‌కి తమ్ముడు వరస. 'మాన్‌స్టర్ హౌస్'లో ఇల్లే రాక్షసి, అది కూడా పక్కన పెట్టండి. 'హోకస్ పోకస్' అందరూ చెబుతారు, అమెరికాలోని సేలం అనే ఊరి మంత్రగత్తెల సినిమా, సరదాగా ఉంటుంది. కానీ ఆ మంత్రగత్తెల్ని తిరిగి రప్పించే కొవ్వొత్తి వెలిగించేవాడు వర్జిన్ అయి ఉండాలనే ముక్కను సినిమా పొడుగునా పట్టుకుని జోకులేస్తారు. బామ్మ పక్కన కూర్చుని ఉండగా 'అంటే ఏంటమ్మా' అని తొమ్మిదేళ్లవాడు అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంటేనే పెట్టండి.

మరి ఏం పెట్టాలి? ఆ రాత్రి ఒకటి కాదు, రెండు ఆటలు వేయండి.

మొదటి ఆట అందరికీ. 'వాలెస్ అండ్ గ్రొమిట్: ద కర్స్ ఆఫ్ ద వేర్-రాబిట్', 2005. రేటింగు జీ, నిడివి 85 నిమిషాలు, ఆస్కార్ కూడా వచ్చింది. ఇంగ్లండ్‌లో ఓ ఊరు. అక్కడ పెద్ద పెద్ద కూరగాయలు పండించే పోటీ జరగబోతోంది. జనం గుమ్మడికాయల్ని, క్యారెట్లని కన్నబిడ్డల్లా సాకుతుంటారు. పున్నమి రాత్రి ఏనుగంత కుందేలు ఒకటి వచ్చి తోటలన్నీ నాశనం చేస్తుంది. మనిషి తోడేలుగా మారే పాత భయానక సినిమాల్లోని మంచు, చర్చి గంట, ఉరుము, మెరుపు అన్నీ ఇందులో ఉంటాయి, వచ్చేది మాత్రం కుందేలు. మీ ఫ్రిస్కో ఇళ్ల వెనక కుందేళ్లు తక్కువేం కాదు. మీ అత్తయ్యగారు ఆరాటపడి వేసిన గోంగూర మొక్కల్ని అవి ఎప్పుడైనా కొరికి ఉంటే ఈ సినిమా ఆవిడకే అందరికంటే ముందు ఎక్కుతుంది. భాష అడ్డం కూడా కాదు. కథను నడిపించేది గ్రొమిట్ అనే కుక్క, దానికి నోరే పెట్టలేదు. నుదురు కాస్త ముడిచిందంటే విసుగు, కాస్త ఎత్తిందంటే ఆశ్చర్యం. మట్టిబొమ్మలు కదా, దగ్గరి షాట్లలో చేసినవాళ్ల వేలిముద్రలు కూడా కనిపిస్తాయి. ఆ వేలిముద్రల్ని మీవాడికి చూపించండి. రాక్షసుణ్ని ఎవరో మనిషి కూర్చుని పిసికి చేశాడని కళ్లారా చూడడం కంటే మంచి మందు లేదు.

పాప పరువు సంగతంటారా? తనని ప్రేక్షకురాలిగా కాకుండా షో నడిపే మనిషిగా పెట్టండి. లైట్లు, సౌండ్, మధ్యలో పాప్‌కార్న్ అన్నీ తన చేతిలో. 'ఇది చిన్నవాళ్ల షో, మనది దీని తర్వాత' అని తన స్నేహితురాళ్ల ముందు తనే ప్రకటించనివ్వండి. పదమూడేళ్ల పిల్లకు కావలసింది భయం ఒక్కటే కాదు, తను చిన్నపిల్లల లెక్కలో లేనని పదిమందికీ తెలియడం.

ఈ సినిమా ఇప్పటికే చూసేసి ఉంటే 'ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్' పెట్టుకోండి, 76 నిమిషాలే. కుక్కపిల్లని పెంచే ఇళ్ల పిల్లలు వస్తుంటే 'ఫ్రాంకెన్‌వీనీ' మాత్రం వద్దు. మొదట్లోనే కుక్క కారు కింద పడి చనిపోతుంది. దాన్ని పిడుగుతో బతికించడం తర్వాతి సంగతి, ఏడుపు ముందొచ్చేస్తుంది.

రెండో ఆట నలుగురు అమ్మాయిలకు, చిన్నవాళ్లు వెళ్లాక. అదే 'కోరలైన్'. మావాడిని అంత బెదరగొట్టిందాన్ని మీకెందుకు చెబుతున్నానంటే, పదమూడేళ్లకు అది సరైన భయం. రక్తం చుక్క ఉండదు, కానీ వీపు జలదరిస్తుంది. అమ్మ మీద విసుగొచ్చే వయసులో ఇంకో అమ్మ దొరికితే బాగుండుననుకునే పిల్ల కథ అది. 'బొమ్మల సినిమాయా' అని మూతి తిప్పుకున్నవాళ్లే పావుగంటలో దుప్పటి ముక్కుదాకా లాక్కుంటారు. ఆ మూతి తిప్పుళ్లు చూడడానికైనా మీరు వెనక కుర్చీలో కూర్చోండి.

ఇంకా పెద్దది కావాలని పాప పట్టుబడితే, పార్టీలో వద్దు, వేరే శనివారం తనూ మీరూ ఇద్దరే 'ఎ క్వైట్ ప్లేస్' చూడండి. 2018, పీజీ-13. చప్పుడైతే చాలు వచ్చి చంపే జీవుల మధ్య ఒక కుటుంబం సైగలతో బతుకుతుంటుంది. అందులో పెద్దపిల్లకు వినపడదు, ఆ పాత్ర వేసిన మిలిసెంట్ సిమండ్స్‌కి నిజంగానే వినపడదు. అయితే మొదటి పది నిమిషాల్లోనే ఒక చిన్న పిల్లాడు చనిపోతాడు. తమ్ముడున్న పిల్లకు ఆ సీను గట్టిగా తగులుతుంది. ముందే చెప్పి కూర్చోబెట్టండి. కథ తెలిసిపోతే మజా పోతుందని పాప అంటే అననివ్వండి.

పాపకు సినిమాల పిచ్చి ఉందనిపిస్తే 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' కూడా చూపించండి. డెబ్భై నిమిషాలు, బ్లాక్ అండ్ వైట్. మొదట్లో వచ్చే నటుల పేర్లలో రాక్షసుడి ఎదురుగా బోరిస్ కార్లాఫ్ పేరు బదులు ప్రశ్నార్థకం వేశారు. చెరువు గట్టున ఒక చిన్నపిల్ల వాడితో కలిసి పూలు నీళ్లలో వేస్తూ ఆడుకుంటుంది. పూలు అయిపోతాయి. పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని వాడు ఆమెను ఎత్తి నీళ్లలో వేస్తాడు. చాలా ఏళ్లు ఆ చివరి ముక్క కత్తిరించి చూపించారు. కత్తిరించడంతో ఏం జరిగిందో జనం ఊహించుకుని ఇంకా భయపడ్డారు. పిల్లలకి సీను అడ్డంగా ఆపేసి 'చూడొద్దు' అన్నప్పుడు జరిగేదీ అదే. ఆపితే ఆపండి, కానీ తర్వాత ఏమైందో మాటల్లో చెప్పేయండి.

ఆ రాత్రి ఏర్పాట్లు. క్యాండీల తిరుగుడు ముగించుకుని ఎనిమిదికల్లా మొదటి ఆట మొదలవ్వాలి. గదిలో ఒక మూల దీపం వెలుగుతూ ఉండాలి, పూర్తి చీకటి వద్దు. టీవీకి సబ్‌వూఫర్ ఉంటే తీసేయండి. భయంలో సగం బొమ్మలో కాదు, శబ్దంలో ఉంది. పిల్లలకో చిట్కా నేర్పండి: వెనకాల మ్యూజిక్ ఒక్కసారిగా ఆగిపోయిందంటే ఏదో మీదకు దూకబోతోందన్నమాట. 'ఆగింది, ఆగింది, వస్తోంది' అని అందరూ కలిసి అరవమనండి. ముందే తెలిసిన ఉలికిపాటు ఆటైపోతుంది. బాబు లేచి వెళ్లిపోతానంటే 'మగపిల్లాడివి, భయమేంట్రా' అన్న మాట ఎవరి నోటి నుంచీ రాకుండా చూడండి, ముఖ్యంగా వాళ్ల నాన్న నోటి నుంచి. వంటింట్లో ఓ పని అట్టేపెట్టండి. 'నిమ్మరసం కలపాలి, రారా' అంటే మానంగా లేచి వచ్చేస్తాడు.

వచ్చే పిల్లల తల్లిదండ్రులకు వారం ముందే గ్రూపులో రాయండి. సాగదీయక్కర్లేదు. 'పిల్లలందరికీ ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఈ సినిమా, రేటింగు జీ. తర్వాత పెద్ద అమ్మాయిలకు మాత్రం కోరలైన్, పీజీ, కాస్త భయంగా ఉంటుంది. వద్దనుకుంటే మొదటిదాని తర్వాత వచ్చి తీసుకెళ్లండి, ఏమీ అనుకోం.' కొన్ని ఇళ్లలో మతం రీత్యా హాలోవీనే చేసుకోరు. అలాంటివాళ్లకు తప్పుకోవడానికి ఈ చివరి ముక్క ఉపయోగపడుతుంది.

ఇక అత్తయ్యగారు. ఆవిడ మాటలో తప్పేం లేదు, పండగ రోజుల్లో అశుభం మాటలు వద్దనుకునే తరం. వాదించకండి. చిన్నప్పుడు చందమామలో బేతాళ కథలు చదివేవారా అని అడగండి. శ్మశానంలో చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే రాజు, ఆ శవంలోంచి కథ చెప్పే బేతాళుడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందన్న శాపం. ఇది ఆర్ కాదూ? ఏడేళ్ల పిల్లలం అన్నం కంచం ముందు పెట్టుకుని చదివాం. అమ్మాయిలు కోరలైన్ చూసే గంటన్నరా ఆవిడ బాబును పక్కలో వేసుకుని ఒక బేతాళ కథ చెబితే ఆ రాత్రి ఆవిడకూ ఒక షో ఉన్నట్టే. చివర్లో ప్రశ్న ఉంటుంది కాబట్టి వాడి బుర్ర భయం మీంచి లెక్క మీదకు పోతుంది.

ఆ ఆదివారం 'మాయాబజార్' పెట్టి అందరూ కూర్చోండి. 1957 నాటిది, మూడు గంటలుంటుంది, తినుకుంటూ చూడొచ్చు. ఇంటిల్లిపాదీ చూసే రాక్షసుడి సినిమా మనకు అప్పటి నుంచే ఉంది. ఎస్వీ రంగారావు పెళ్లి వంటకాల ముందు కూర్చుని శరీరం పెంచుకుంటూ పోతుంటే, లడ్లు వాటంతటవే ఎగిరి నోట్లో పడుతుంటే, పోయినేడాది లైటు వేసుకుని పడుకున్న పిల్లాడు ఏం చేస్తాడో చూడండి. మీ పాప కూడా ఆ సీనుకి ఫోన్ పక్కన పెడుతుందని నా పందెం.

అన్నట్టు, అత్తయ్యగారు తెనాలి నుంచి సూదీదారం, బొత్తాల డబ్బా తెచ్చుకునే ఉంటారు. ఆ వారం రోజులూ దాన్ని ఆవిడ పెట్టెలోనే ఉంచి తాళం వేయమనండి. మీవాడు మెట్ల మీద కూర్చుని రెండో ఆట దొంగచాటుగా చూడడని మాత్రం నేను హామీ ఇవ్వలేను.